మంజిమప్‌లో ట్రఫుల్ తోట కొనే ముందు చూసుకోవలసినవి: వేరు నుంచి తవ్వకం దాకా

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మీరు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నగరానికి దక్షిణాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, మంజిమప్ పరిసరాల్లో, 8 ఏళ్ళ వయసున్న నల్ల ట్రఫుల్ (చెట్ల వేళ్ళ దగ్గర నేల లోపల కాసే శిలీంధ్రపు గడ్డ) తోట ఒకటి అమ్మకానికి వచ్చింది. చెట్లు ఏపుగా ఉన్నాయి, నీటి వసతి ఉంది, దిగుబడి మాత్రం ఇప్పుడిప్పుడే మొదలైందని యజమాని చెబుతున్నారు. దాన్ని కొనవచ్చా, కొంటే సాగు, తవ్వకం ఎలా ఉంటాయి అన్నది మీ మొదటి ప్రశ్న. అరకు దగ్గర మీ నాన్నగారికి ఉన్న రెండెకరాల్లో ఇదే పంట పెట్టవచ్చా, అక్కడ ఎవరో మొక్కలు సరఫరా చేస్తామంటున్నారు, నమ్మవచ్చా అన్నది రెండవది. రెండవ దానికి జవాబు చిన్నది కాబట్టి చివరలో చెబుతాను.

నేను 11 ఏళ్ళుగా ఈ ప్రాంతపు ట్రఫుల్ తోటల్లోనే పనిచేస్తున్నాను. మొదటి నాలుగేళ్ళు శీతకాలమంతా కుక్కల వెనక మోకాళ్ళ మీద కూర్చుని తవ్వేవాణ్ణి, ఆ తర్వాత తోటల నిర్వహణలోకి వచ్చాను. బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదివే రోజుల్లో మైకోరైజా (చెట్టు వేరుకూ శిలీంధ్రానికీ ఉండే పొత్తు) అంటే మాకు పరీక్షలో వచ్చే అయిదు మార్కుల ప్రశ్న మాత్రమే. ఆ అయిదు మార్కుల జవాబు మీదే నా బతుకు నడుస్తుందని అప్పుడు ఊహించలేదు. ఈ పంటలో డబ్బు పోయేది ఎక్కువగా రెండు చోట్ల అని నా అభిప్రాయం: నాటకముందు మొక్క వేరును పరీక్షించకపోవడం వల్ల, పండకముందే గడ్డను తవ్వెయ్యడం వల్ల. నడుమ జరిగే పొరపాట్లలో చాలావాటిని సరిదిద్దుకోవచ్చు, ఈ రెండింటినీ సరిదిద్దుకోవడం చాలా కష్టం. మీరు ఎనిమిదేళ్ళ తోటను కొంటున్నారు కాబట్టి మొదటి పొరపాటు జరిగిందో లేదో కనిపెట్టడం, రెండవది జరగకుండా చూసుకోవడం మీ పని.

నల్ల ట్రఫుల్ అంటే ట్యూబర్ మెలనోస్పోరమ్ అనే శిలీంధ్రం నేల లోపల కాసే గడ్డ. ఫ్రాన్సులోని పెరిగోర్ ప్రాంతం పేరుతో అది లోకానికి తెలిసింది. అది బంగాళాదుంపలాగా వేరుకు ఊరే దుంప కాదు, మన పుట్టగొడుగులాగా గడ్డివాము మీద పెరిగేదీ కాదు. ఓక్, హేజెల్ వంటి చెట్ల సన్నని వేరుకొసలను ఆ శిలీంధ్రం తొడుగులా కప్పుకొని, చెట్టుకు నేలలోని నీటినీ పోషకాలనూ అందించి, చెట్టు ఆకుల్లో తయారైన చక్కెరను తాను తీసుకుంటుంది. ఈ బంధానికి మైకోరైజా అని 1885లో పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్‌కు అసలు అప్పగించిన పని, ప్రష్యాలో ట్రఫుల్ సాగు సాధ్యమా అని తేల్చడం. సాగు సంగతి ఆయన తేల్చలేకపోయినా, ఆ వెతుకులాటలో వృక్షశాస్త్రానికి ఒక కొత్త అధ్యాయం దొరికింది. గడ్డ తనంతట తాను కుళ్ళిన ఆకులను తిని పెరుగుతుందని చాలామంది పాత రైతులు నమ్మేవారు. ఫ్రాన్సు పరిశోధకులు ఒక హేజెల్ చెట్టుకు గుర్తుపట్టగల కర్బనాన్ని గాలిలో అందించి, అది ఆకుల నుంచి వేళ్ళకు, వేళ్ళ నుంచి గడ్డలోకి చేరడాన్ని 2013లో ప్రచురించిన ప్రయోగంలో చూపించారు. గడ్డ పెరిగే నెలల్లో చెట్టు ఆకు పచ్చగా, నీడ పడకుండా, దాహం లేకుండా ఉండాలని మేము పట్టుబట్టడానికి కారణం ఇదే.

చరిత్రను త్వరగా దాటేస్తాను. దక్షిణ ఫ్రాన్సులోని వోక్లూజ్ ప్రాంతంలో 19వ శతాబ్దం తొలినాళ్ళలో జోసెఫ్ తాలోన్ అనే రైతు, ట్రఫుల్ కాసే ఓక్ చెట్ల కింది గింజలనే ఏరి నాటితే కొన్నేళ్ళకు ఆ కొత్త చెట్ల కింద కూడా గడ్డలు దొరుకుతాయని కనిపెట్టాడు. ఆ శతాబ్దం రెండవ సగంలో ఫిలాక్సెరా పురుగు ద్రాక్షతోటలను తుడిచిపెట్టినప్పుడు ఖాళీ అయిన సున్నపు నేలల్లో ఓక్ తోటలు విస్తారంగా వెలిశాయి. ప్రపంచయుద్ధాల తర్వాత పల్లెలు ఖాళీ అయి, చెట్లు ముదిరి, ఆ వైభవం పోయింది. ఇప్పటి సాగుకు అసలు పునాది 1970ల్లో పడింది. ఫ్రాన్సు జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, ఇటలీ పరిశోధకులు కలిసి నారుమడిలోనే వేళ్ళకు శిలీంధ్రం అంటించిన మొక్కలను తయారుచేశారు. అటువంటి మొక్క కింద మొదటి గడ్డలు 1977లో దొరికాయి. న్యూజీలాండ్‌లో 1993లో, టాస్మానియాలో 1999లో, మన మంజిమప్‌లో 2003లో మొదటి పంట కనిపించింది. ఈనాడు స్పెయిన్‌లోని తెరువెల్ ప్రాంతం, ముఖ్యంగా సరియోన్ ఊరి చుట్టుపక్కల తోటలు, ఈ పంటలో ప్రపంచానికే పెద్దన్న. వాళ్ళ పంట నవంబరు చివరి నుంచి మార్చి దాకా, మనది జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా. యూరప్‌లో తాజా నల్ల ట్రఫుల్ దొరకని నెలల్లో మనది విమానం ఎక్కుతుంది. ఆస్ట్రేలియా వ్యాపారానికి ఆధారం ఆ కాలభేదమే.

ఇక మొక్క. మంచి నర్సరీలో పండిన ట్రఫుల్‌ను రుబ్బి, దాని సిద్ధబీజాల (శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి) ద్రావణాన్ని శుభ్రమైన మాధ్యమంలో పెరిగే ఓక్ లేదా హేజెల్ నారు వేళ్ళకు పట్టిస్తారు. ఏడాది పైబడిన తర్వాత వేరుకొసలు ఉబ్బి, లేత గోధుమరంగు నుంచి ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. కంటికి ఇంతవరకే కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే మెలనోస్పోరమ్ తొడుగు, పిల్లలు ఆడుకునే ముక్కల బొమ్మ అతికించినట్లు, ఒకదానిలో ఒకటి ఇమిడిన వంకర కణాలతో కనిపిస్తుంది. దాని మీది పోగులు లంబకోణంలో కొమ్మలు వేస్తాయి. ట్యూబర్‌లోనే మరో జాతి అయిన బోర్కీ తొడుగు మీదనైతే సూదుల్లాంటి ముళ్ళుంటాయి. అయితే ట్యూబర్ ఇండికమ్ అనే ఆసియా ట్రఫుల్‌ను, వాసన తక్కువైనది, సూక్ష్మదర్శినితో నమ్మకంగా వేరు చెయ్యడం కష్టం. చూడడానికి గడ్డ కూడా నల్లగానే ఉంటుంది. ఇటలీలోని పీడ్‌మాంట్‌లో ఒక తోటలో అది నాటుకున్నట్లు 2008లో బయటపడినప్పటి నుంచి, రుబ్బడానికి వాడే ప్రతి గడ్డనూ డీఎన్ఏ పరీక్షతో చూసుకోవడం బాధ్యతగల నర్సరీలకు అలవాటైంది.

నా కళ్ళ ముందు జరిగినది ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక తోటలో యజమాని తక్కువ ధరకు వస్తున్నాయని ఒక నర్సరీ నుంచి 400 ఓక్ మొక్కలు తెప్పించాడు. పరీక్షకు పంపుదామని నేను అడిగాను. 400 మొక్కల్లో పది పీకి ప్రయోగశాలకు పంపితే ఆ పది దండుగ కదా అన్నాడు. ఆరేళ్ళ తర్వాత ఆ వరసల్లో చెట్లు పక్క వరసల కంటే ఎత్తుగా, అందంగా ఉన్నాయి, వాటి కింద గడ్డి కూడా అంతే పచ్చగా ఉంది. వేళ్ళు తవ్వి చూపించినప్పుడు దొరికినవి సాధారణ నర్సరీ శిలీంధ్రాలు, అంటే తడి కుండీల్లో వాటంతటవే చేరేవి. మెలనోస్పోరమ్ జాడ నాలుగు చెట్లలో మాత్రం ఉంది. పది మొక్కలు పోతాయన్న లెక్కకు ఆరేళ్ళ నీరు, సున్నం, కూలి పోయాయి. మీరు చూడబోయే తోటలో చెట్లు ఏపుగా ఉన్నాయని రాశారు. ఈ పంటలో ఏపు మంచి గుర్తు కాదు, చెడ్డ గుర్తు అనను గానీ, దాన్ని చూసి సంతోషపడవద్దు.

చూడవలసినది చెట్టు కింద. మెలనోస్పోరమ్ బలంగా ఉన్న చెట్టు చుట్టూ గడ్డి చచ్చి, నేల కాలినట్లు బోసిగా కనిపిస్తుంది. ఫ్రెంచివారు దాన్ని బ్రూలే అంటారు, కాలినది అని అర్థం. శిలీంధ్రం కలుపు మొక్కల పెరుగుదలను అణచివెయ్యడం వల్ల అది ఏర్పడుతుంది. సాధారణంగా మూడో నాలుగో ఏట మొదలై ఏటా వెడల్పవుతుంది. బ్రూలే ఉన్నంత మాత్రాన గడ్డ ఉంటుందని హామీ లేదు. కానీ ఎనిమిదో ఏట సగం చెట్ల కింద కూడా అది లేకపోతే నేను ఆ తోటకు భూమి ధర తప్ప పైసా ఎక్కువ ఇవ్వను. ఇందులో ఒక మోసం కూడా ఉంది: కలుపు మందు కొట్టిన వలయం కూడా దూరానికి బ్రూలే లాగే కనిపిస్తుంది. వసంతకాలంలో (ఇక్కడ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా) వెళ్ళి, మందు ఎప్పుడు కొట్టారో అడిగి, వలయం అంచును వంగి చూడండి. మందు కొట్టిన అంచు గుండ్రంగా, కత్తిరించినట్లు ఉంటుంది. బ్రూలే అంచు ఒక పక్కకు సాగి, మరో పక్క తగ్గి, అక్కడక్కడ బతికిన గడ్డి పోచలతో వంకరటింకరగా ఉంటుంది.

మట్టి విషయానికి వస్తే, నల్ల ట్రఫుల్ పుట్టిన యూరప్ నేలలు సున్నపురాయి నేలలు. దానికి ఇష్టమైన ఉదజని సూచిక, మన రైతులు పీహెచ్ అనేది, 7.5 నుంచి 8.3 దాకా. మంజిమప్‌లో కారీ అనే యూకలిప్టస్ చెట్లు పెరిగే ఎర్రని మట్టి స్వభావరీత్యా ఆమ్లనేల. అందువల్ల ఇక్కడ తోట వెయ్యడమంటే ముందు సున్నపురాయి పొడిని హెక్టారుకు పదుల టన్నుల లెక్కన చల్లి, లోతుగా కలియదున్ని, ఏడాది ఆగడం. యూరప్ పోటీ శిలీంధ్రాలు ఇక్కడి ఆమ్లనేలలో సహజంగా లేకపోవడం మనకు కలిసివచ్చింది, పాత పచ్చికబయళ్ళలో వేసిన తోటలు అందుకే బాగా నిలిచాయి. కానీ చల్లిన సున్నం శాశ్వతం కాదు. వాన, వేళ్ళు, శిథిలమైన ఆకులు కలిసి ఏటేటా పీహెచ్‌ను కిందికి లాగుతాయి. యజమాని చూపించే నివేదిక నాటిన ఏటిదైతే దాన్ని పక్కన పెట్టి, మీరే పైపొర నుంచి 10 సెంటీమీటర్లు, ఆపైన 20, 30 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా నమూనాలు తీయించండి. పైన 7.9, కింద 6.2 ఉన్న తోటలు నేను చూశాను. అటువంటి చోట శిలీంధ్రం పైపొరలోనే పాకుతుంది, గడ్డలు కూడా పైపైనే కాస్తాయి, వాటి గతి ఏమవుతుందో తవ్వకం దగ్గర చెబుతాను. సున్నం ఎక్కువైనప్పుడు ఇనుము, జింకు, మాంగనీసు వేళ్ళకు అందక ఆకులు పసుపుబారుతాయి. భాస్వరం ఎరువు మాత్రం వెయ్యకండి. తిండి తేరగా దొరికిన చెట్టు శిలీంధ్రంతో పొత్తు తగ్గించుకుంటుంది.

గడ్డ ఎలా పుడుతుందో తెలిస్తే నీరు, దుక్కి ఎప్పుడు అన్నది దానంతటదే అర్థమవుతుంది. 2010లో ఈ శిలీంధ్రం జన్యుపటం ప్రచురితమైంది. దానితోపాటు దీనికి రెండు లైంగిక రకాలు ఉన్నాయని, ఒకే రకం ఉన్న చోట గడ్డ పుట్టదని స్పష్టమైంది. చెట్టు వేళ్ళను పట్టుకుని ఉన్నది తల్లి. తండ్రి ఎక్కడి నుంచి వస్తాడన్నది ఇప్పటికీ కొంత గుట్టే, కానీ మట్టిలో మొలకెత్తే సిద్ధబీజాల నుంచి వస్తాడన్న నమ్మకంతో స్పెయిన్ రైతులు ఒక పద్ధతి పట్టారు. బ్రూలే లోపల 15, 20 సెంటీమీటర్ల లోతు గుంతలు తీసి, పీట్, వర్మిక్యులైట్ మిశ్రమంలో పండిన ట్రఫుల్ పొడి కలిపి నింపుతారు. ఒకటి రెండేళ్ళలో ఆ మెత్తని గుంతల్లో గుండ్రంగా, పెద్దగా గడ్డలు వస్తాయి. ఇక్కడ మేము కూడా పంట ముగిశాక, సెప్టెంబరు, అక్టోబరులలో, అమ్ముడుపోని విరిగిన గడ్డలతో ఇదే చేస్తున్నాం. మీ యజమాని ఈ పని చేశారా, ఏ చెట్లకు చేశారు అన్నది తప్పక అడగండి. చెయ్యకపోతే దిగుబడి ఆలస్యం కావడానికి అదీ ఒక కారణం కావచ్చు, అది మీకు మేలే.

ఇక్కడ వసంతంలో సంయోగం జరిగి, వేసవి మొదట్లో ఆవగింజంత మొగ్గలు ఏర్పడతాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అవి ఊరడం మొదలుపెడతాయి. మంజిమప్‌లో ఏటా సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షం పడినా అందులో ఎక్కువ భాగం శీతకాలంలోనే పడుతుంది, అసలు అవసరమైన వేసవిలో ఆకాశం ఎండిపోతుంది. కాబట్టి నీరు పెట్టక తప్పదు. డ్రిప్పు గొట్టం చుక్కచుక్కగా ఒకచోట తడిపితే ఉపయోగం లేదు, బ్రూలే అంతా తడిసేలా చిన్న స్ప్రింక్లర్లు కావాలి. తడపడానికీ ఆరనివ్వడానికీ మధ్య ఒక లయ ఉండాలి. రోజూ తడిపితే గడ్డ కుళ్ళుతుంది, మూడు వారాలు ఎండబెడితే మొగ్గలు చస్తాయి. నేల తేమ చెప్పే పరికరాలు పెట్టుకోవడం మంచిదే. నేను మాత్రం ఇప్పటికీ వేలు గుచ్చి చూస్తాను. ఇక కొమ్మల కత్తిరింపు: చెట్టును తలకిందులైన శంకువులా, కింద ఖాళీగా, మధ్య తెరిచి ఉంచాలి. హేజెల్ మొదట్లో పుట్టుకొచ్చే పిలకలను ఏటా తీసెయ్యాలి. పాతబడిన తోటల్లో దిగుబడి పడిపోవడానికి సగం కారణం పైన కొమ్మల గుబురు మూసుకుపోయి నేలకు ఎండ తగలకపోవడం.

ఇప్పుడు తవ్వకం. దీన్ని ఎంత వివరంగా చెప్పినా తక్కువే.

మార్చి నాటికి పైపొరలో ఉన్న గడ్డలు ఊరి నేలను పగలగొడతాయి. ఆ పగుళ్ళను చూసి కొత్తగా వచ్చినవాళ్ళు సంబరపడతారు, మేము బాధపడతాం. పగులు లోంచి ఎండ, వేడి, నత్తలు, రోకలిబండలు, ఇతర పురుగులు గడ్డను చేరతాయి. పుండు పడిన గడ్డ జూన్ దాకా ఆగదు, లోపల కుళ్ళి పోతుంది. ఈ ప్రాంతంలో ట్రఫుల్ కుళ్ళు చాలా ఏళ్ళు పెద్ద తలనొప్పి. వేసవి చివర ప్రతి వరసా నడిచి, పగుళ్ళ మీద ఇసుకో మెత్తని మట్టో రెండు వేళ్ళ మందాన కప్పడం మీరు నేర్చుకోవలసిన మొదటి పని. ఇందాక చెప్పిన, కింది పొరలో ఆమ్లం ఉన్న తోటల్లో ఈ పగుళ్ళు మరీ ఎక్కువ.

జూన్ వచ్చాక కుక్క. ఇటలీలో 1985 నాటి చట్టం ప్రకారం శిక్షణ పొందిన కుక్క సాయంతోనే వెతకాలి, తవ్విన గుంతను పూడ్చాలి. ఇక్కడ అటువంటి చట్టం లేకపోయినా ఆచారం అదే. పందుల కథ మీరు విని ఉంటారు, మగపంది వాసన పదార్థం ట్రఫుల్‌లో ఉండడం వల్ల ఆడపంది వెర్రిగా తవ్వుతుందని. 1990లో ప్రచురించిన ఒక ప్రయోగంలో నేలలో వేరువేరు పదార్థాలు పాతిపెట్టి చూస్తే, పందులూ కుక్కలూ వెళ్ళింది డైమిథైల్ సల్ఫైడ్ దగ్గరికి. అది ఉడికించిన మొక్కజొన్న కంకి మూత తీసినప్పుడు గుప్పున వచ్చే వాసన. గడ్డ పక్వానికి వచ్చేకొద్దీ అది ఎక్కువవుతుంది, అందుకే కుక్క చూపించినది సాధారణంగా పండినదే. సాధారణంగా అన్నాను, ఎల్లప్పుడూ అనలేదు. జూన్ మొదటి వారాల్లో సగం పండిన గడ్డలు కూడా వాసన వేస్తాయి, బిస్కెట్టుకు ఆశపడే కుక్క వాటిని కూడా చూపిస్తుంది.

నేను మొదటిసారి తవ్విన సీజన్‌లో ఒక నల్ల లాబ్రడార్ వెనక నడిచేవాణ్ణి. అది ముక్కు నేలకు ఆనించి, ఒక్కసారి ముందుకాలితో గీరి, వెనక్కి తిరిగి యజమానురాలి మొహం చూసేది. ఆమె బిస్కెట్టు ఇచ్చి, మోకాళ్ళ మీద వంగి, గీరిన చోట చిటికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఒక ఉదయం ఆమె పక్క వరసలో ఉన్నప్పుడు, నేనే గొప్పగా తవ్వి, నా పిడికిలంత గడ్డ తీశాను. తూచితే 210 గ్రాములు. షెడ్డులో చాకుతో గోరంత చెక్క లేపి చూస్తే లోపల బూడిదరంగు కలిసిన తెలుపు, వాసన పచ్చి బంగాళాదుంప. చెట్టు నుంచి దించిన మామిడికాయ మాగబెడితే పండుతుంది, ట్రఫుల్‌కు మాగడం లేదు. నేల నుంచి విడదీసిన క్షణాన అది ఎంత పండిందో అంతే. ఆ గడ్డ ఇంకో మూడు వారాలు ఉంటే తోటలో ఆ వారపు అతి పెద్ద మొదటి రకం గడ్డ అయ్యేది. యజమానురాలు నన్ను తిట్టలేదు, ఆ తెల్లని ముక్కను పెరట్లో కోళ్ళకు వెయ్యమని నా చేతికే ఇచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. కుక్క చూపిన చోట మట్టి వాసన ముందు చూస్తాను. పక్వమైన చోట మట్టికి ఒక తియ్యని, ఆలివ్, కోకో కలిసినట్లుండే వాసన, దాని వెనక ఇంగువ డబ్బా మూత తీసినప్పటి గంధకపు ఘాటు సన్నగా ఉంటాయి. మట్టి మట్టివాసనే వేస్తే గుర్తు జెండా గుచ్చి, తేదీ రాసి, ముందుకు నడుస్తాను. వాసన ఉంటే వేళ్ళతో, మొండి కొస ఉన్న చిన్న పనిముట్టుతో, గడ్డ పైభాగం కనిపించేదాకా మాత్రమే మట్టి తీస్తాను. గోటితో ఒక మొటిమను గీకితే కింద ఎరుపు ఛాయ ఉంటే పచ్చిది, నలుపే ఉంటే పండినది. పచ్చిదైతే కదిలించకుండా అదే మట్టి కప్పి, జెండా పెట్టి, వారం తర్వాత అదే కుక్కతో మళ్ళీ వస్తాను. పండినదైతే గడ్డ ఆకారాన్ని బట్టి చుట్టూ మట్టిని వదులు చేసి, లాగకుండా, అడుగు నుంచి ఎత్తి తీస్తాను. విరిగిన గడ్డ అదే బరువుకు సగం ధర కూడా పలకదు. అమోనియా ఘాటు వస్తే అది మించిపోయింది. దాన్ని తోటలోనే గుంతల నింపుకు వాడుకోవాలి. తవ్విన గుంతలోకి అదే మట్టి తిరిగి వెళ్ళాలి, ఎందుకంటే ఆ గోడల్లోని వేళ్ళే వచ్చే ఏటి పంట. ప్రతి గడ్డ బరువునూ చెట్టు సంఖ్యతో సహా పుస్తకంలో రాయడం విసుగైన పని, కానీ అయిదేళ్ళకు తోటలో ఏ చెట్లు తిండి పెడుతున్నాయో ఆ పుస్తకమే చెబుతుంది. నేను లెక్కలు చూసిన ప్రతి తోటలోనూ కొద్ది చెట్లే ఎక్కువ పంట ఇచ్చాయి, కొన్ని చెట్లు జీవితంలో ఒక్క గడ్డా ఇవ్వలేదు.

అందువల్ల తోట కొనే ముందు యజమానిని ఆ పుస్తకం అడగండి. లేదంటే, కొనుగోలు ఒప్పందానికి ముందు జులైలో ఒక రోజు మీ తరఫున బయటి కుక్కను, బయటి శిక్షకుణ్ణి తెచ్చుకుంటానని అడగండి. దానికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం మాట్లాడవద్దు. దానితోపాటు వరసకు రెండు మూడు చెట్ల చొప్పున వేరుకొసలు తీయించి డీఎన్ఏ పరీక్షకు పంపండి. వేళ్ళలో మెలనోస్పోరమ్ బాగా ఉండి, బ్రూలే ఉండి, గడ్డలు మాత్రం తక్కువగా ఉన్న తోట అయితే కొనదగినదే. నీరు, కత్తిరింపు, సిద్ధబీజాల గుంతలతో దాన్ని లేపవచ్చు. వేళ్ళలోనే లేకపోతే పెట్టిన డబ్బు తిరిగి రాదు.

తవ్విన తర్వాతి పని వేగం. అదే రోజు మెత్తని బ్రష్షుతో చల్లని నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, చిన్న చెక్క లేపి లోపలి రంగు చూసి, రకాలుగా విభజించాలి. నల్లని ఊదా రంగు మీద సన్నని తెల్లని చారలు స్పష్టంగా ఉన్నది పండినది. ఆకారం గుండ్రంగా ఉండి గాయం లేనిది మొదటి రకం. కాగితం తువ్వాలులో చుట్టి, మూతబిగువు డబ్బాలో, 2 నుంచి 4 డిగ్రీల మధ్య పెట్టి, కాగితం రోజూ మార్చాలి. బియ్యంలో పెట్టమని చాలామంది చెబుతారు. బియ్యం గడ్డలోని తేమను పీల్చేస్తుంది, గడ్డ వడలుతుంది. డబ్బాలో రెండు కోడిగుడ్లో, చిన్న గిన్నెలో నెయ్యో పెట్టండి, వాసన పెంకు దాటి లోపలికి దిగుతుంది. మా ఇంట్లో జులై నెలంతా నెయ్యి అన్నం సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎంత జాగ్రత్తగా ఉంచినా రోజురోజుకూ బరువు, వాసన తగ్గుతూనే ఉంటాయి. పది రోజులు దాటిన గడ్డను నేను తాజా అని అమ్మను. పెర్త్ దుకాణాల్లో చిల్లరగా గ్రాముకు రెండు మూడు డాలర్ల మాట విని లెక్క వేసుకోవద్దు. ఎగుమతిదారు తోట దగ్గర ఇచ్చే ధర అంతకంటే చాలా తక్కువ, అదీ రకాన్ని బట్టి. మీ ఉద్యోగం ఉంచుకునే ఈ పని చెయ్యండి. జూన్ నుంచి ఆగస్టు దాకా వారానికి ఒకసారైనా ప్రతి చెట్టు కిందా కుక్క తిరగాలి కాబట్టి, శని, ఆదివారాలు వచ్చి చూసుకునే పంట మాత్రం ఇది కాదు. స్థానికంగా ఒక శిక్షకుడితో సీజన్ ఒప్పందం చేసుకోకుండా తోట తీసుకోకండి.

ఇక అరకు. ఈ శిలీంధ్రానికి స్పష్టమైన చలికాలం కావాలి, చెట్టు ఆకు రాల్చి నిద్రపోయి, నేల నెలల తరబడి చల్లగా ఉండే చలికాలం. లంబసింగిలో, అరకులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు వణికించేంత చల్లగా ఉన్నా, పగలు ఎక్కగానే ఎండ కాస్తుంది, నేల ఆ చలిని పట్టుకోదు. గడ్డ ఊరవలసిన కాలంలో నైరుతి వాన నెలల తరబడి నేలను నానబెడుతుంది. ఎర్రని ఆమ్ల మట్టిని సున్నంతో మార్చవచ్చు, వాతావరణాన్ని మార్చలేం. భారతదేశంలో నిజమైన ట్రఫుల్ లేదని కాదు. ఇందాక చెప్పిన ట్యూబర్ ఇండికమ్‌కు ఆ పేరు 1892లో పెట్టినదే హిమాలయాల నుంచి వెళ్ళిన నమూనా చూసి. తొలకరికి జగదల్‌పూర్ సంతలో సాలవృక్షాల కింద ఏరుకొచ్చి అమ్మే బోడ, జార్ఖండ్‌లో రుగ్డా అనేది, పత్రికలు దేశీ ట్రఫుల్ అని రాసినా, వేరే కుటుంబపు పుట్టగొడుగులు. అడవిలో ఏరుకోవడమే తప్ప వాటికీ సాగు లేదు. కువైట్‌లో పనిచేసి వచ్చిన కడప వాళ్ళు శీతకాలపు మార్కెట్లో ఫగా పేరుతో చూసేది ఎడారి ట్రఫుల్, దాని చెట్టూ నేలా వేరు.

మీ నాన్నగారికి మొక్కలు ఇస్తామంటున్న వాళ్ళను ఏ జాతి శిలీంధ్రం, ఏ చెట్టు, వేరు పరీక్ష ఏ ప్రయోగశాలలో చేయించారు అని మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగమనండి. మూడింటికీ సరైన జవాబులు వచ్చినా ఆ మొక్కలు అరకులో కాయవు. ఆ నేలలో మిరియాల తీగలు పాకిన నీడ చెట్ల కింద కాఫీ ఉంటే దాన్నే ఉంచమనండి, అడ్వాన్సు ఇంకా కట్టి ఉండకపోతే కట్టవద్దని ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పండి.